గోధుమ మానినా పాలెందుకు పడవు?

పాలు పడనివాళ్ళుంటారంటే మన పల్లెల్లో ఒక పట్టాన నమ్మరు. పసిబిడ్డకూ పాలే, జ్వరపడి లేచినవాడికీ పాలే, పళ్ళూడిన ముసలమ్మకు రాత్రిపూట ఇంత పాలబువ్వే. చివర పెరుగన్నం కలుపుకోకపోతే భోజనం చేసినట్టే వుండదు మనకు. అలాంటిది, గోధుమ పడని జబ్బు వచ్చి గోధుమ మానేసిన మనిషి, ఆ తర్వాత పాలు కూడా మానేస్తేగాని కడుపు కుదుటపడలేదని చెబితే వినేవాళ్ళకు విడ్డూరంగానే వుంటుంది. పాలు మానిన కొన్నాళ్ళకు ఒంట్లో ఎవరూ అనుకోని మార్పులు మరికొన్ని కనబడతాయి. వాటిలో మంచివీ వుంటాయి, చెడ్డవీ వుంటాయి. అవి ఎందుకు వస్తాయి, వాటిలో ఏది పాల వల్ల వచ్చింది, ఏది కాదు అన్నది తోటి విద్యార్థులకు వీలైనంత తేలిగ్గా చెప్పాలనే ఈ చిన్న ప్రయత్నం.

గోధుమతో వచ్చే తగవు

గోధుమపిండిని నీళ్ళు పోసి పిసికితే సాగుతుంది. బియ్యప్పిండి, జొన్నపిండి అలా సాగవు. అందుకే జొన్నరొట్టెను చేత్తో తట్టాలి గాని, చపాతీలాగా కర్రతో పల్చగా వత్తడం కుదరదు. గోధుమపిండికి ఆ సాగే గుణం ఇచ్చేది గ్లూటెన్ అనే మాంసకృత్తుల సముదాయం. బార్లీలో, రై అనే ధాన్యంలో కూడా ఇలాంటివే వున్నాయి. వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మొక్కజొన్నల్లో ఆ రకం గ్లూటెన్ లేదు.

చాలామందికి గ్లూటెన్ వల్ల ఏ బాధా లేదు. కాని కొందరిలో, అది చిన్నప్రేగుకు చేరేసరికి శరీర రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువుగా ఎంచుతుంది. ఆ పోరులో గ్లూటెన్‌కు కలిగే నష్టం కంటే ప్రేగు లోపలి పొరకు కలిగే నష్టమే ఎక్కువ. దీన్నే సీలియాక్ జబ్బు అంటారు. ఇది అంటురోగం కాదు. డిక్యూ 2, డిక్యూ 8 అనే వంశపారంపర్య గుర్తులు వున్నవాళ్ళలోనే దాదాపుగా వస్తుంది. ఆ గుర్తులున్న అందరికీ రాదు, కొద్దిమందికే వస్తుంది. విరేచనాలు, కడుపుబ్బరం, రక్తహీనత, బరువు తగ్గడం, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం దీని లక్షణాలు. కొందరిలో కడుపుబాధ ఏమీ లేకుండా వట్టి రక్తహీనతగానే బయటపడుతుంది.

మన దేశంలో ఈ జబ్బు గోధుమ రొట్టె తినే పంజాబు, హర్యానా, ఢిల్లీ ప్రాంతాల్లో ఎక్కువ. అక్కడి పరిశీలనల్లో సుమారు నూటికి ఒకరికి వున్నట్టు తేలింది. అన్నం తినే దక్షిణాదిలో చాలా అరుదు. అరుదు కాబట్టే మన దగ్గర దాన్ని అనుమానించేవాళ్ళూ తక్కువే.

చూషకాలు, వరికంకులు

జంతుశాస్త్రం చదివిన మిత్రులకు చిన్నప్రేగు లోపలి చూషకాలు గుర్తుండే వుంటాయి. విల్లై అని ఇంగ్లీషులో చెప్పేవి అవే. ఒక్కొక్కటి ఒక మిల్లీమీటరుకు మించని ఎత్తుతో, లక్షల సంఖ్యలో, నారుమడిలా ఒత్తుగా నిలబడి వుంటాయి. తిన్నదాన్ని పీల్చుకునేది ఇవే.

ఈ చూషకం మీది కణాలు మొదట్లో పుట్టి, పైకి జరుగుతూ, కొసకు చేరేసరికి ముదురుతాయి. మూడు నుంచి అయిదు రోజుల్లో కొసన రాలిపోతాయి, వాటి చోటికి కొత్తవి వస్తాయి. పాలలోని చక్కెరను, అంటే లాక్టోజును, విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైము పైకెక్కి ముదిరిన కణాల్లోనే బాగా వుంటుంది. మన పొలంలో వరికి గింజ వుండేది కొసన కదా! గాలివాన వస్తే దుబ్బు నిలిచినా కంకి పోతుంది. సీలియాక్ జబ్బులో జరిగేది అచ్చం అదే. చూషకాలు కుదించుకుపోయి ప్రేగుగోడ చదునవుతుంది. అందరికంటే ముందు నష్టపోయేది లాక్టేజ్, అందరికంటే ఆలస్యంగా తిరిగి వచ్చేదీ లాక్టేజే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు జవాబు దొరికింది. గోధుమ మానగానే గాలివాన ఆగుతుంది. అంతమాత్రాన మర్నాడే పైరు కంకి వేయదు గదా. పిల్లల్లో ప్రేగు కొన్ని నెలల్లో కోలుకుంటుంది. పెద్దవాళ్ళలో ఏడాది, రెండేళ్ళు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఆ మధ్యకాలంలో పాలు తాగితే పాలచక్కెరను విడగొట్టే నాథుడు వుండడు.

అరగని పాలచక్కెర ఏం చేస్తుంది?

లాక్టోజు విడిపోతే గ్లూకోజు, గెలాక్టోజు వస్తాయి. ఆ రెండూ రక్తంలోకి పోతాయి. విడిపోని లాక్టోజు ప్రేగులోనే వుండిపోయి, ఉప్పు చల్లిన వంకాయ ముక్కలు నీరు వదిలినట్టు, చుట్టూ వున్న నీటిని తనవైపు లాగుతుంది. అందువల్ల విరేచనం పలచన అవుతుంది. మిగిలింది పెద్దప్రేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులకు పండగే. అవి దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వాయువులు పుట్టిస్తాయి. కడుపుబ్బరం, గుడగుడలు, నొప్పి అందువల్లే.

ఇందులో ఒక సరదా సంగతి వుంది. మన శరీర కణాలు హైడ్రోజన్ వాయువును తయారుచేయలేవు, సూక్ష్మజీవులే చేయగలవు. ఆ వాయువులో కొంత రక్తంలో కలిసి ఊపిరిలో బయటికి వస్తుంది. కాబట్టి కొలిచిన పాలచక్కెరను నీళ్ళలో కలిపి తాగించి, కొన్ని గంటలపాటు ఊపిరిలోని హైడ్రోజన్‌ను కొలిస్తే ఆ చక్కెర అరిగిందో లేదో తెలిసిపోతుంది. పెద్ద ఆసుపత్రుల్లో చేసే పరీక్ష ఇదే.

మరో మాట. జబ్బేమీ లేకుండానే, బాల్యం దాటాక లాక్టేజ్ తగ్గిపోవడం మనిషి జాతిలో మామూలు. ప్రపంచంలోని పెద్దవాళ్ళలో సుమారు మూడింట రెండు వంతులమంది ఇలాంటివాళ్ళే. పెద్దయినా లాక్టేజ్ నిలిచి వుండటానికి కారణమయ్యే జన్యుమార్పును 2002లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆ మార్పు మన దేశంలో వాయవ్య ప్రాంతంవాళ్ళలో ఎక్కువ, దక్షిణాదివాళ్ళలో తక్కువ. అంటే గోధుమ పడని తెలుగువాడికి పాలు పడకపోవడానికి రెండు కారణాలుండవచ్చు. ఒకటి జబ్బు వల్ల వచ్చి పోయేది, రెండోది పుట్టుకతో వచ్చి పోనిది.

ముగ్గురు డాక్టర్లు

ఒక పదార్థం మానితే గుణం కనిపించింది కాబట్టి అదే దోషి అనుకోవడం ఎంత తేలికో, ఈ జబ్బు చరిత్రే చెబుతుంది.

లండన్‌లో శామ్యూల్ గీ అనే డాక్టరు 1888లో ఈ జబ్బును చక్కగా వర్ణించి ప్రచురించాడు. నయమయితే ఆహారం వల్లనే నయం కావాలని కూడా గ్రహించాడు. ఆ పిల్లలకు ఆవుపాలు సరిపడవని గమనించాడు. అన్నం, సగ్గుబియ్యం పనికిరావన్నాడు. కాని పల్చగా కోసి రెండువైపులా బాగా కాల్చిన రొట్టె మాత్రం పెట్టవచ్చన్నాడు! పాలతో బాధ కళ్ళెదుట కనిపించేది కాబట్టి పాలు దొరికిపోయాయి. అసలు దోషి గోధుమ రొట్టె రూపంలో పళ్ళెంలోనే వుండిపోయింది.

అమెరికాలో సిడ్నీ హాస్ అనే డాక్టరు 1924లో అరటిపండ్ల పథ్యం ప్రకటించాడు. పిల్లలు తేరుకున్నారు. అరటిపండులోనే మహత్తు వుందనుకున్నారు జనం. నిజానికి ఆ పథ్యంలో రొట్టె, బిస్కట్లు మాన్పించారు. గుణం పెట్టినదాని వల్ల కాదు, తీసేసినదాని వల్ల వచ్చింది. ఆ సంగతి తెలియక, తేరుకున్నవాళ్ళు మళ్ళీ రొట్టె తిని మళ్ళీ జబ్బుపడ్డారు.

హాలెండులో విల్లెం డిక్కె అనే పిల్లల డాక్టరుకు గోధుమ మీద 1930ల నుంచే అనుమానం వుంది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ ఘోరమైన కరువు వచ్చింది, రొట్టె కరువయింది. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం మెరుగయ్యారు. రొట్టె తిరిగి రాగానే జబ్బూ తిరిగి వచ్చింది. డిక్కె అక్కడితో ఆగలేదు. పిల్లలకు ఒక ధాన్యం ఆపి, మళ్ళీ పెట్టి, ఫలితాలు కొలిచి చూశాడు. 1950లో తన సిద్ధాంత గ్రంథంలో గోధుమే కారణమని నిలబెట్టాడు. మొదటి ఇద్దరికీ డిక్కెకూ తేడా తెలివిలో కాదు, పద్ధతిలో వుంది. మాని చూడటం అందరూ చేస్తారు. మళ్ళీ పెట్టి చూడటమే అసలు పరీక్ష.

మా అక్క సంగతి

ఇది పుస్తకాల్లో సంగతి మాత్రమే కాదు. మా పెద్దమ్మ కూతురు, నాకు అక్క, పెళ్ళయి ఢిల్లీ వెళ్ళింది. అక్కడ రెండుపూటలా రొట్టెలే. కొన్నేళ్ళకు రక్తహీనత, విరేచనాలు పట్టుకున్నాయి. రక్తపరీక్షలు, ప్రేగుముక్క పరీక్ష చేసి సీలియాక్ అని తేల్చారు. గోధుమ మానేసింది. విరేచనాలు చాలావరకు తగ్గాయిగాని మూడు నెలలయినా కడుపుబ్బరం పోలేదు. తెలిసినవాళ్ళెవరో చెప్పారని పాలు, పెరుగు, నెయ్యి మొత్తం ఒక్కసారే మానేసింది. అప్పుడు నాలుగు మార్పులు వచ్చాయి.

మొదటిది, వారం తిరక్కముందే కడుపుబ్బరం తీసేసినట్టు పోయింది. రెండోది, ఏళ్ళ తరబడి వేధించిన నోటిపూత నెలా రెండు నెలల్లో మాయమయింది. మూడోది, మెరుగవుతున్న బరువు మళ్ళీ తగ్గడం మొదలుపెట్టింది. నాలుగోది, కొన్ని నెలలకు రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం, నడుమునొప్పి.

సంక్రాంతికి ఇంటికొస్తే ఈ నాలుగూ పాలకే కట్టారు అందరూ. "పాలల్లో విషం వుందేమిటే అమ్మాయ్, మనింటి గేదె పాలే గదా!" అని మా పెద్దమ్మ బాధపడింది. "పాలు మానితే నోటిపూత కూడా పోయింది పిన్నీ, ఇక ముట్టను" అని అక్క మా అమ్మతో చెప్పుకుంది. పాడి పశువులున్న ఇంట్లో పిల్ల పెరుగు ముట్టకపోతే ఆ బాధ ఎలా వుంటుందో రైతు ఇంట్లో పుట్టినవాళ్ళకు తెలుస్తుంది.

తర్వాత ఢిల్లీ ఆసుపత్రిలో ఆహార నిపుణురాలు ఒకామె కూర్చోబెట్టి, మానకముందు రోజంతా ఏమేం తినేదో, తాగేదో అడిగి రాసుకున్నారట. అప్పుడు తేలింది. అక్క రోజూ రాత్రి పాలల్లో బలం కోసమని మాల్టు పొడి కలుపుకునేది. ఆ మాల్టు బార్లీ మొలకలతో చేసింది. అంటే రొట్టె మానినా రోజుకు రెండు చెంచాల గ్లూటెన్ దినుసు లోపలికి పోతూనే వుంది! పాలు మానడంతో ఆ పొడి కూడా మానింది.

ఇప్పుడు లెక్క విడదీసి చూడండి. కడుపుబ్బరం రోజుల్లో పోయింది, అది పాలచక్కెర పని. నోటిపూత నెలల మీద మానింది. ఈ జబ్బువాళ్ళలో తరచుగా కనిపించే లక్షణం కాబట్టి అది మాల్టులోని బార్లీ మానిన ఫలం అన్నారామె. బరువెందుకు తగ్గింది? అర లీటరు గేదెపాలలో సుమారు 500 కేలరీలు వుంటాయి, వాటి బదులు ఇంకేమీ తినలేదు. పిక్కలు పట్టేయడమేమో కాల్షియం, డి విటమిను లోటు అని రక్తపరీక్షలో తెలిసింది. మార్పులు నాలుగు, కారణాలు నాలుగు, చేసిన పని మాత్రం ఒక్కటే. అత్తమీద కోపం దుత్తమీద చూపినట్టు, బార్లీ మీద చూపవలసిన కోపం కొంత పాలదుత్త మీద చూపారన్నమాట.

ఎముక మాట

ఈ వ్యాసంలో ముఖ్యమైన సంగతి ఇదే. సీలియాక్ జబ్బువాళ్ళకు ప్రేగు చెడి వుండటంవల్ల కాల్షియం, డి విటమిను ముందునుంచే సరిగా పీల్చుకోబడవు. వాళ్ళ ఎముకలు బలహీనంగా వుండే ప్రమాదం మామూలువాళ్ళకంటే ఎక్కువ. పాలు మానాలన్న ఆలోచన కూడా ఎక్కువగా వాళ్ళకే వస్తుంది. అంటే పాలు మానితే తట్టుకోలేనివాళ్ళే పాలు మానుతున్నారు. కడుపు ఉబ్బితే ఆ పూటే తెలుస్తుంది. ఎముక పలచబడితే విరిగిందాకా తెలియదు.

మన హైదరాబాదులోనే వున్న జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మిల్లీగ్రాములుంటుంది. అర లీటరు మానితే 600 మిల్లీగ్రాములు పోయినట్టే. దాన్ని ఎక్కడినుంచో తెచ్చుకోవాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములున్నది. పొట్టు తీయని నువ్వుల్లో 100 గ్రాములకు వెయ్యి పైమాటే. మునగాకు, ముల్లుతో నమిలి తినే చిన్నచేపలు కూడా మంచివే. పాలకూరలో వున్నా ఆక్సాలిక్ ఆమ్లం దాన్ని పట్టి వుంచుతుంది కాబట్టి ఒంటికి దక్కేది తక్కువ. ఇక బి 12 విటమిను మొక్కల్లో దొరకదు. గుడ్డు, మాంసం ముట్టని ఇళ్ళలో అది వచ్చేది పాలు, పెరుగుల నుంచే. శాకాహారులు పాలు మానితే ఈ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

పాలు, పెరుగు, నెయ్యి ఒకటి కావు

పాలచక్కెర పడకపోతే పాలతో చేసినవన్నీ మానాలా? అక్కర్లేదు. తోడు వేసినప్పుడు పాలచక్కెరలో కొంత లాక్టిక్ ఆమ్లంగా మారిపోతుంది. పెరుగులోని సూక్ష్మజీవులు మిగిలినదాన్ని విడగొట్టడానికి కూడా కొంత సాయం చేస్తాయి. అందుకే పాలు పడని చాలామందికి పెరుగు పడుతుంది. మజ్జిగలో నీళ్ళు కలుస్తాయి కాబట్టి ఇంకా తేలిక. నెయ్యిలో పాలచక్కెర దాదాపు వుండదు. లాక్టేజ్ తక్కువైనవాళ్ళలో కూడా చాలామంది ఒకసారికి 12 గ్రాముల లాక్టోజు, అంటే ఒక గ్లాసుడు పాలు, అన్నంతోపాటు తీసుకుంటే తట్టుకుంటారు. అయితే కొద్దిమందికి పాలచక్కెర కాక పాలలోని మాంసకృత్తులే పడవు. దద్దుర్లు, ఆయాసం లాంటివి వస్తే అది వేరే జబ్బు, దానితో ప్రయోగాలు పనికిరావు.

మరి ఏం చేయాలి?

గోధుమ మీద అనుమానం వుంటే పరీక్ష చేయించుకోకముందే గోధుమ మానకూడదు. మానితే రక్తంలోని ప్రతిరక్షకాలు తగ్గిపోయి జబ్బున్నా లేనట్టే కనబడుతుంది. జబ్బు తేలాక మాత్రం చిటికెడు కూడా తినకూడదు. మన వంటింట్లో దాక్కున్న గ్లూటెన్ తక్కువేం కాదు. బొంబాయిరవ్వ, సేమ్యా, మైదాతో చేసే బొబ్బట్లు, అన్నీ గోధుమే. పులిహోరలో వేసే ఇంగువ పొడిలో చాలా రకాల్లో గోధుమపిండి కలిపి వుంటుంది. గ్లూటెన్ లేనిదని అచ్చువేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన దేశంలో నియమం. కాబట్టి డబ్బా మీద రాసింది చదవాలి.

గోధుమ మానినా కడుపు కుదుటపడకపోతే, పాల జోలికి పోయేముందు ఈ దాక్కున్న గోధుమ, బార్లీ ఏమైనా మిగిలివున్నాయేమో వెతకాలి. ఆ తర్వాత డాక్టరుకు చెప్పి, పాలు ఒక్కటే, రెండు మూడు వారాలు ఆపి చూడాలి. ఆ రోజుల్లో ఇంకేదీ మార్చకూడదు. నోటుపుస్తకంలో తేదీవారీగా రాసుకోవాలి. గుణం కనిపిస్తే కొన్ని నెలలు ఆగి ముందు మజ్జిగ, తర్వాత పెరుగు, ఆ తర్వాత కొద్దిగా పాలు, ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టాలి. చూషకాలు కోలుకుంటే చాలామందికి పాలు మళ్ళీ పడతాయి. పుట్టుకతో లాక్టేజ్ తగ్గినవాళ్ళకు పూర్తిగా పడకపోయినా పెరుగు, మజ్జిగ మిగులుతాయి.

పొలంలో ఆకు పసుపెక్కితే ఎరువు, మందు, నీరు మూడూ ఒకేరోజు మార్చిన రైతుకు, పైరు తేరుకున్నా ఏది పనిచేసిందో తెలియదు. వచ్చే ఏడు మళ్ళీ మూడింటికీ ఖర్చు పెట్టవలసిందే. ప్రయోగశాలలో మన గురువులు ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చమని చెప్పేది ఇందుకే. ఆ సూత్రం పరీక్షనాళికలకే కాదు, పళ్ళెంలో అన్నానికి కూడా వర్తిస్తుంది. ఏది మానాలో తెలుసుకోవడం ఎంత అవసరమో, మానవలసిన అవసరం తీరిపోయిన రోజును గుర్తించడం కూడా అంతే అవసరం.